లాండ్‌రాట్‌గా ఊరి భూస్వామి మేలా, చదువుకుని వచ్చిన అధికారి మేలా?

పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యాలో పల్లె జనానికి ప్రభుత్వమంటే లాండ్‌రాటే. జిల్లాకు ఆయనే పెద్ద. పన్నులు, పోలీసు, రోడ్లు, కుర్రాళ్లను సైన్యంలో చేర్చుకోవడం, ఎన్నికలు, అన్నిటిలోనూ ఆయన చెయ్యి ఉండేది. నియమించేది రాజే అయినా, తూర్పు రాష్ట్రాల్లో పేరు సూచించేది జిల్లాలోని పెద్ద భూస్వాములు. అందుకే చాలాచోట్ల వాళ్లలో ఒకరే ఆ కుర్చీలో కూర్చునేవారు.

తూర్పు రాష్ట్రమైన పొమెరేనియాలోని నౌగార్ట్ జిల్లాకు, జర్మనీ తొలి చాన్సలర్ (ప్రభుత్వాధినేత) బిస్మార్క్ అన్నగారు బెర్న్‌హార్ట్ దశాబ్దాల పాటు లాండ్‌రాట్. సొంత ఎస్టేటు ఆ జిల్లాలోనే. ఇలాంటి మనిషికి ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ ఊళ్లో పంట పోయిందో ఒకరు చెప్పక్కర్లేదు. బదిలీ టెన్షన్ లేదు. ఇది చిన్న లాభం కాదు.

కానీ కూలివాడి వైపు నుంచి చూడండి. 1872 సంస్కరణ వచ్చేదాకా తూర్పున ఎస్టేటు యజమానికే తన ఊరి మీద పోలీసు అధికారం ఉండేది. యజమాని కొట్టాడని ఫిర్యాదు చేయాలంటే లాండ్‌రాట్ దగ్గరికే వెళ్లాలి. ఆయనేమో ఆ యజమానితో కలిసి వేటకు వెళ్లేవాడు, ఒక్కోసారి వియ్యంకుడు కూడా. ఇంకెక్కడి న్యాయం? నాకు ఈ ఒక్క విషయం చాలు, తూకం చదువుకున్న అధికారి వైపు మొగ్గడానికి.

లా చదివి, ఆఫీసుల్లో శిక్షణ పొంది, ప్రభుత్వ పరీక్షలు గట్టెక్కి వచ్చినవాడికి చట్టం తెలుసు, స్థానికంగా మొహమాటాలు తక్కువ. లోటల్లా ఏమిటంటే, కొందరికి జిల్లా పై పదవికి మెట్టు మాత్రమే. మనుషుల పేర్లు తెలిసేలోపే వెళ్లిపోతారు.

పైవాళ్ల మాట కాదంటే ఏమవుతుందో 1899లో తేలింది. రైన్, ఎల్బే నదులను కలిపే కాలువ బిల్లుకు వ్యతిరేకంగా ఓటేసిన శాసనసభ్యుల్లో లాండ్‌రాట్లు కూడా ఉన్నారు. కాలువ వస్తే బయటి ధాన్యం చౌకగా దిగుతుందని భూస్వాముల భయం. ప్రభుత్వం వాళ్లను పదవుల నుంచి తప్పించింది. ఓటు వేసినందుకు ఉద్యోగం తీయడం నాకు అస్సలు నచ్చదు, వాళ్లు వేసిన ఓటు తప్పే అయినా.

నేనైతే చదువుకున్న అధికారినే కోరుకుంటాను, కనీసం పదేళ్లు అక్కడే ఉండేటట్టయితే. బెర్లిన్‌కు ఈశాన్యాన ఓబర్‌బార్నిమ్ జిల్లాలో బేత్‌మన్ హోల్వెగ్ 1886 నుంచి 1896 దాకా అలాగే ఉన్నాడు. లా చదివినవాడే, అయినా స్థానికుడు కూడా, వాళ్ల కుటుంబ ఎస్టేటు హోహెన్‌ఫినో ఆ జిల్లాలోదే. 1909లో జర్మనీ చాన్సలర్ అయ్యింది ఈయనే.