జాలీ బోనా, గాజు పెట్టెనా, బాల్కనీ మొక్కా? బెంగళూరులో ఊసరవెల్లికి ఏది మేలు

ఊసరవెల్లిని పెంచాలనుకునేవాళ్లు ఏ జాతి, ఏ రంగు అని నెలల తరబడి తర్జనభర్జన పడతారు. బోను సంగతి మాత్రం షాపువాడికే వదిలేస్తారు. షాపువాడి దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది చేపల గాజు తొట్టి. దాన్నే నిలబెట్టి, పైన ఒక బల్బు తగిలించి ఇచ్చేస్తాడు. కొత్తగా వచ్చిన ఊసరవెల్లి కష్టాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

ముందు చట్టం సంగతి. మన చేలల్లో, చిట్టడవుల్లో కనిపించే దేశీ ఊసరవెల్లిని పట్టి ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇక మిగిలేవి విదేశీ జాతులు. వాటిలో ఎక్కువగా పెంచేవి రెండు: యెమెన్, సౌదీ కొండప్రాంతాల వెయిల్డ్, మడగాస్కర్ తీరప్రాంతాల పాంథర్. రెండూ వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. కాబట్టి 2022లో సవరించిన చట్టం, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేవు గానీ సగం ధరకే ఇస్తానంటే ఆ బేరం వద్దు.

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. రాత్రిళ్లు చల్లబడతాయి. వెయిల్డ్‌కి కావలసింది సరిగ్గా అదే. పగలు గది 25 డిగ్రీల అటూ ఇటూ ఉండి, బల్బు కింది కొమ్మ దగ్గర 30 డిగ్రీలు తగిలి, రాత్రి పద్దెనిమిదికి దిగినా దానికి హాయే. పాంథర్‌కి చెన్నై గాలిలోని తేమ ఎక్కువ నచ్చుతుంది. వేలచ్చేరిలో ఉండే మా చిన్నాన్న కొడుకు పాంథర్‌ని పెంచుతున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా "మీకేం అన్నా, రాత్రిపూట కిటికీ తీస్తే చాలు" అని వాడి గోడు. చెన్నైలో గాజు పెట్టె ప్రశ్నే లేదు, జాలీయే. బెంగళూరులోనే కాస్త ఆలోచించాలి.

ఎందుకంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడి మధ్యాహ్నాలు బాగా పొడిగా ఉంటాయి. నాలుగు వైపులా జాలీ ఉన్న బోనులో నీళ్లు చల్లితే కాసేపట్లోనే ఆకులు ఆరిపోతాయి. గాజు పెట్టె తేమను పట్టి ఉంచుతుంది, దాని గొప్పంతా అదే. కానీ వేడి, తేమ రెండూ కలిసి గాలి ఆడని చోట నిలిచిపోతే ఊసరవెల్లికి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలే కాబట్టి ఆ గొప్ప కాస్తా అప్పుడు లోపంగా మారుతుంది. పైగా గాజులో దాని నీడ దానికే కనిపిస్తే ఇంకో మగది వచ్చిందనుకుని రోజంతా బుస కొడుతుంది. ముందు తలుపుల కింద, పైకప్పు దగ్గర గాలి రంధ్రాలున్న ఖరీదైన గాజు పెట్టెలు వేరు, వాటిలో బాగానే పెంచుతున్నారు. రోజంతా ఏసీ నడిచే గదైతే నేనూ అదే తీసుకోమంటాను. చేపల తొట్టిని మాత్రం చేపలకే వదిలేయండి.

మామూలు అపార్ట్‌మెంట్ గదికి నా ఓటు జాలీ బోనుకే, ఒక మార్పుతో: వెనక, రెండు పక్కలా ప్లాస్టిక్ షీటుతో మూసేయాలి. ముందువైపు, పైన జాలీ ఉంటే గాలి ఆడుతుంది, తేమా నిలుస్తుంది. ఇంకో లాభం, కొత్తగా వచ్చిన ప్రాణికి మూడు వైపులా మరుగు దొరుకుతుంది. అది ఇంట్లో కుదురుకోవడానికి ఇంతకన్నా పెద్ద సాయం లేదు. పెద్దదానికి రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు కావాలి. అల్యూమినియం కిటికీలు చేసేవాళ్లకు కొలతలిస్తే చేసిపెడతారు. దోమల జాలీ మాత్రం వేయించకండి, గోళ్లు ఇరుక్కుంటాయి, మేతకు వేసిన కీచురాళ్లు కొరికి బయటికొస్తాయి. ప్లాస్టిక్ పూత ఉన్న వైరు జాలీ అడగండి.

బాల్కనీలో మందార చెట్టు మీద వదిలేస్తే సహజంగా ఉంటుందని కొందరంటారు. ఎండ విషయంలో వాళ్ల మాట నిజమే. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కిరణాలు) దాదాపు ఉండదు, నేరుగా పడే ఎండలోనే ఉంటుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టక ఎముకలు వంగిపోతాయి. కానీ బాల్కనీ అంటే కాకులు, గద్దలు, పక్కింటి పిల్లి, సాయంత్రం వీధిలో కొట్టే దోమల పొగ. అందుకని రోజూ ఉండే ఇల్లుగా వద్దు. పొద్దున కాసేపు జాలీ బోనుతో సహా ఎండలో, సగం నీడ ఉండేలా, మీరు పక్కనే కూర్చుని పెట్టండి. గాజు పెట్టెను మాత్రం ఎండలో పెట్టొద్దు, నిమిషాల్లో లోపల ఉడికిపోతుంది. ఇంట్లోకి టీ5 రకం, అంటే సన్నటి పొడుగాటి యూవీబీ ట్యూబు లైటు తప్పనిసరి. కొమ్మ మీద కూర్చున్న దాని వీపుకీ ట్యూబుకీ మధ్య జానెడు దూరం ఉంచి, రోజుకు పన్నెండు గంటలు వెలిగించాలి. ఏడాదికోసారి మార్చాలి, వెలుగు వస్తున్నా లోపలి యూవీబీ తగ్గిపోతుంది. టైమర్ బెంగళూరు ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది.

నీళ్ల దగ్గర కూడా రెండు దారులున్నాయి. గిన్నెలో నీళ్లు పెడితే ఊసరవెల్లి సాధారణంగా పట్టించుకోదు, ఆకుల మీది చుక్కలనే నాకుతుంది. ఇంట్లో మనిషి ఉంటే చేత్తో కొట్టే స్ప్రే బాటిల్ చాలు. ఇద్దరూ ఆఫీసుకెళ్లే ఇల్లయితే టైమర్‌తో నడిచే మిస్టరే (నీళ్లను తుంపరగా చల్లే యంత్రం) మేలు. అందులో ట్యాంకర్ నీళ్లో, బోరు నీళ్లో పోస్తే ఉప్పు పేరుకుని నాజిల్ మూసుకుపోతుంది, ఫిల్టర్ నీళ్లే పోయండి. విసర్జనలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకు తిరిగినా, కళ్లు లోపలికి పోయినా నీళ్లు చాలట్లేదని అర్థం.

తిండికి కీచురాళ్లే ప్రధానం, వాటికి కాల్షియం పొడి అద్ది వేయాలి. మనకున్న అదృష్టం పట్టుపురుగులు. రామనగర, శిడ్లఘట్ట చుట్టూ పట్టు పండించే ఊళ్లే. మెత్తటి పురుగు, కొవ్వు తక్కువ, ఊసరవెల్లికి ఇష్టం. మల్బరీ ఆకు మీద మందు కొట్టలేదని రైతును అడిగి తెలుసుకున్నాకే తెచ్చుకోండి.

ఏ బోనైనా సరే, లోపల మనీ ప్లాంటో మందారమో గుబురుగా ఉండాలి, కొమ్మ మన కళ్ల ఎత్తుకైనా ఉండాలి. పైనుంచి చూస్తూ ఉంటేనే దానికి ధైర్యం. టీవీ పక్కన, తలుపు పక్కన వద్దు. మొదటి రెండు వారాలు చేత్తో పట్టుకోకండి. రెండు మూడు రోజులు తినకపోతే టెన్షన్ పడకండి. ముదురు రంగులోనే ఉండిపోయి, పగలు కూడా కళ్లు మూసుకుంటుంటే మాత్రం డాక్టర్‌కి చూపించాల్సిందే. కుక్కలకు చూసే డాక్టర్లందరూ సరీసృపాలను చూడరు కాబట్టి, చూసే డాక్టర్ ఎక్కడున్నారో కొనే ముందే కనుక్కోండి. ఆదివారం వచ్చిన చుట్టాల పిల్లలు "భుజం మీద పెట్టు మామయ్యా" అని అడుగుతారు, అడగనివ్వండి, మీరు మాత్రం పెట్టకండి. ఆడ వెయిల్డ్ అయితే ఇంకో పని ఉంది: మగది లేకపోయినా గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి అడుగు లోతు తడి ఇసుక తొట్టి లేకపోతే గుడ్లు లోపలే ఆగి ప్రాణం మీదికి వస్తుంది. మొదటిసారి పెంచేవాళ్లు మగదాన్నే, ఒక్కదాన్నే తెచ్చుకోవడం మంచిది.