కూలెంట్‌లో చిక్కిన గాలి తీయడానికి గరాటా మేలా, వాక్యూమ్ మేలా?

కారులో వాటర్ పంపో హోసో మార్చి కొత్త కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) నింపాక లోపల గాలి మిగిలిపోతే, ఆ బుడగ సిలిండర్ హెడ్ (ఇంజిన్ పై భాగం) దగ్గర నిలిచి అక్కడి లోహాన్ని విపరీతంగా వేడెక్కించవచ్చు. ఉష్ణోగ్రత సెన్సార్ గాలిలో ఉండిపోతే మీటరు కూడా నిజం చూపదు.

ఖర్చు: గరాటాకు రేడియేటర్ మూతికి సరిపోయే అడాప్టర్ ఉంటే చాలు. వాక్యూమ్ పరికరానికి సాధారణంగా ఎయిర్ కంప్రెసర్ కూడా కావాలి.

శ్రమ: ఇంజిన్ చల్లగా ఉండగానే గరాటాను బిగించి, కొంత కూలెంట్ పోసి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, ఇంజిన్‌ను ఐడిల్‌లో నడపాలి. చాలా కార్లలో 82 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) తెరుచుకోవడం మొదలవగానే గరాటాలో మట్టం దిగి, బుడగలు గుడగుడమంటూ పైకి వస్తాయి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక బుడగలు కనిపించకుండా, క్యాబిన్‌లోకి వేడిగాలి నిలకడగా వస్తుంటే పని పూర్తయినట్లే. వాక్యూమ్‌తో గాలిని ముందే లాగేసి, ఆ ఖాళీలోకి కూలెంట్‌ను పీల్చనిస్తే కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది.

ప్రమాదం: గరాటాతో పనిచేసేటప్పుడు ఇంజిన్ వేడిగా నడుస్తూ ఉంటుంది కాబట్టి, చేతులు ఫ్యాన్‌కు దూరంగా ఉంచి, ఇంజిన్ చల్లారాకే గరాటా తీయాలి. వాక్యూమ్‌లో హోసులు నొక్కుకుపోవడం మామూలే, గేజి ముల్లు మాత్రం నిలబడాలి. పడిపోతే ఎక్కడో లీకు ఉందని కూలెంట్ పోయకముందే తెలుస్తుంది. నా దృష్టిలో ఈ పరికరానికి అసలు విలువ ఇదే.

రేడియేటర్ మూత ఎత్తులో ఉన్న సాదా కారుకు, ఇంటి దగ్గర చేసుకునేవారికి గరాటా సరిపోతుంది. హీటర్ పైపులు పొడవుగా మెలికలు తిరిగిన కార్లకు, రోజూ ఇదే పనిచేసే గ్యారేజీకి వాక్యూమ్ కొనడమే సరైనది. ఎంతసేపు నడిపినా బుడగలు ఆగకపోతే మాత్రం రెండింటినీ పక్కనబెట్టి హెడ్ గ్యాస్కెట్‌ను (సిలిండర్ హెడ్‌కు, ఇంజిన్ బ్లాక్‌కు మధ్య ఉండే సీలును) పరీక్షించాలి.