గుక్కపట్టి పరుగా, నింపాదిగా పరుగా? కండకి ఏది మేలు

మా పర్లాకిమిడిలో తెల్లారకముందే ఆర్మీ సెలక్షన్ కుర్రాళ్ళు గ్రౌండ్‌లో దిగిపోతారు, 1600 మీటర్లు కొట్టాలి కదా మరి. ఒకడు రెండు రౌండ్లు చచ్చేలా స్పీడు కొట్టి కూలబడిపోతాడు, ఇంకొకడు పాతపట్నం రోడ్డు పట్టుకుని కబుర్లాడుకుంటూ గంటసేపు పరిగెడతాడు. ఏది కరెక్టన్నా అని నన్నడిగారు, బీఎస్సీ చదివానని.

స్పీడు కొట్టేవాడి కండలో గ్లూకోజ్ చాలామటుకు సగం దారిలోనే లాక్టేట్ అనే పదార్థం అయిపోతాది, ఒక గ్లూకోజ్‌కి మిగిలేది 2 ఏటీపీలు (ఏటీపీ అంటే కణం శక్తికి వాడుకునే అణువు, చేతిలో చిల్లర లాంటిది), అంతే. నింపాదిగా వెళ్ళేవాడికి అదే గ్లూకోజ్ కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోకెళ్ళి ఆక్సిజన్‌తో పూర్తిగా కాలి 30, 32 దాకా ఇస్తాది, పైగా కొవ్వు కూడా కలిసొస్తాది. (ఈ ఏటీపీని 1929లో బయటపెట్టినోళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారూ ఉన్నారు, మనోళ్ళకే తెలీదు.)

లెక్క చూస్తే రెండోవాడే గెలిచాడు అనిపిస్తాది గానీ మొదటి దారికి స్పీడుంది, చివరి 200 మీటర్లలో పక్కోడిని దాటాలంటే 32 వచ్చేదాకా కూర్చుంటే అయినట్టే. ఎంత కాల్చాలో కణమే చూసుకుంటాది, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అని ఒక ఎంజైముంది, పొలం కాలవకి తూము లాంటిదనుకోండి, ఏటీపీ నిండుగా ఉంటే మూసుకుంటాది, ఏటీపీ ఖర్చయి, అందులోంచి మిగిలే ఏఎంపీ పెరిగితే తెరుచుకుంటాది. మైటోకాండ్రియాలో తయారయ్యే సిట్రేట్ పోగుపడినా మూతే.

లాక్టేట్‌ని తిట్టకండి. మర్నాడు కాళ్ళు పీకేది దానివల్ల కాదు, అది గంటా గంటన్నరలో సర్దుకుంటాది, కొంత గుండే వాడుకుంటాది, కొంత లివర్‌కెళ్ళి మళ్ళీ గ్లూకోజ్ అవుతాది. కాకపోతే కండ 2 ఏటీపీలు సంపాదించిన దానికి లివర్ 6 ఖర్చుపెట్టాలి, చేబదులు లాంటిది. కండ నుంచి లివర్‌కి, మళ్ళీ కండకి తిరిగే ఈ చక్రం కనిపెట్టింది కార్ల్, గెర్టీ కోరి అనే శాస్త్రవేత్త దంపతులు, 1947లో వాళ్ళకి నోబెల్ వచ్చింది.

నా ఓటు రెండోవాడికే. 1600 అంటే అయిదారు నిమిషాల పని, అందులో ఎక్కువ భాగం ఆక్సిజన్ దారిదే, నెమ్మది పరుగుతో మైటోకాండ్రియా కూడా పెరుగుతాయి. వారానికి నాలుగు రోజులు అలా, ఒకటి రెండు రోజులు స్పీడు, అని చెప్పాను. మొదటోడు తలూపాడు, మర్నాడు చూస్తే మళ్ళీ అవే రెండు రౌండ్లు.