నాలుగు పాయింట్ల కస్టమ్ పూల్ క్యూ: డబ్బుకు తగ్గ పనేనా?

పెన్సిల్వేనియాలో ఒక్కడే షెడ్డులో పనిచేసుకునే ఒక క్యూ మేకర్‌తో ఈ పూల్ క్యూ, అంటే పూల్ టేబుల్ మీద బంతుల్ని కొట్టే కర్ర, చేయించుకున్నాను. ముందే చెప్పేస్తున్నా, చాలా బాగుంది. కానీ దాదాపు రెండు వేల డాలర్లు పెట్టే వస్తువు కదా, ఆ డబ్బు ఎక్కడికి పోతుందో వివరంగా రాయాలనిపించింది. అమెరికాలో మనవాళ్లు చాలామంది ఇప్పుడు లీగ్ ఆడుతున్నారు, ఫొటోలో రంగులు చూసి కొనేస్తున్నారు.

58 అంగుళాలు, 19 ఔన్సులు. షాఫ్ట్, అంటే బంతిని కొట్టే సన్నటి ముందు సగం, మేపుల్ చెక్క, టిప్ (కొన) దగ్గర 13 మిల్లీమీటర్లు. బట్, అంటే లావుపాటి వెనక సగం, దాని ముందు భాగం చుక్కల డిజైనుండే బర్డ్స్ ఐ మేపుల్, అందులోకి ఎక్కిన నాలుగు నల్లటి ఎబొనీ పాయింట్లు (మొనదేలిన చెక్కలు), ఒక్కో పాయింట్‌కి నాలుగు రంగుల వెనీర్లు (రంగు ఎక్కించిన పల్చటి చెక్కపొరలు), చెయ్యి పట్టుకునే చోట చుట్టిన ఐరిష్ లినెన్ దారం ర్యాప్, రెండు సగాల్ని కలిపే స్టీల్ జాయింట్.

ఆ పాయింట్ల గురించే అసలు రాయాల్సింది. చూసేవాళ్లకి అవి డిజైన్, కానీ మొదట్లో అవి అతుకు. క్యూ ముందు భాగానికి తేలికగా, నిటారుగా ఉండే చెక్క కావాలి, వెనక బరువుండే రోజ్‌వుడ్, ఎబొనీ లాంటివి కావాలి. రెంటినీ ఊరికే తలా తోకా కలిపి జిగురు పెడితే నాలుగు దెబ్బలకే ఊడుతుంది. అందుకని రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు, పొడుగ్గా కోణాలు కోసి ఒకదాంట్లోకి ఒకటి దించి అతికించేవారు. దీన్నే ఫుల్ స్ప్లైస్ అంటారు. గుండ్రంగా తిప్పి సన్నగా చెక్కేసరికి ఆ అతుకే మొనదేలిన నాలుగు పాయింట్లుగా బయటికి కనిపిస్తుంది. అంటే ఎవరూ బొమ్మ గీయలేదు, వడ్రంగం నుంచే అందం వచ్చింది. నాకు ఈ వస్తువు మీద ఇంత ఇష్టం ఉండటానికి కారణం ఇదే.

1845లో సిన్సినాటిలో మొదలైన బ్రన్స్‌విక్ కంపెనీ తర్వాతి కాలంలో టైట్లిస్ట్ అనే క్యూ చేసింది. పూల్ హాళ్లలో గోడకి పెట్టి ఉండే మామూలు వన్ పీస్ (మధ్యలో విడదీయలేని) క్యూ అది, కానీ ఫుల్ స్ప్లైస్, పాయింట్ల అంచుల్లో రంగు వెనీర్లు. అలాంటి క్యూలనే కోసి, మధ్యలో జాయింట్ పెట్టి, పైపని చేసి కొత్త క్యూలుగా మార్చినవాళ్లలో షికాగో హెర్మన్ రాంబో ఒకరు. జార్జ్ బలబుష్కా కూడా అదే దారి. 1912లో రష్యాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి, చెక్కపని నేర్చుకుని, 1959లో క్యూలు మొదలుపెట్టాడు. మొదట టైట్లిస్ట్ చెక్కలు వాడాడు, తర్వాత తోటి క్యూ మేకర్లు బర్టన్ స్పెయిన్, గస్ జాంబోటీ చేసిచ్చిన చెక్కలు. 1975లో పోయాడు. ఈ రోజు ఆయన క్యూల ధర వింటే కళ్లు తిరుగుతాయి. కానీ చూస్తే ఎంత నిరాడంబరంగా ఉంటాయో! నాలుగు పాయింట్లు, వెనీర్లు, కింద బట్‌లో కొన్ని ముత్యపు చిప్ప ముక్కలు, అంతే. అదే కాలంలో లాస్ ఏంజిలిస్‌లో ఎర్నీ గుటియెరెజ్ జినాక్యూ పేరుతో నగల పనిలాంటి ఇన్లేల (చెక్కలో పొదిగే అలంకారాల) వైపు వెళ్లాడు. నా ఓటు బలబుష్కాకే, నా క్యూ కూడా ఆ దారిలోదే.

ఇక నాది ఫుల్ స్ప్లైస్ కాదు, షార్ట్ స్ప్లైస్. మేపుల్‌లో వీ ఆకారంలో గాడులు కోసి, అందులో ఎబొనీ పట్టీలు దించి, ఈ చెక్కని హ్యాండిల్‌కి ర్యాప్ కింద కలుపుతారు. నాలుగు వెనీర్ పొరల్ని అంచు దగ్గర ఏటవాలుగా కోసి, మడత దగ్గర ఖాళీ రాకుండా కలపాలి. నా క్యూలో నలుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు వెనీర్లు పాయింట్ చివర వెంట్రుక మందం గీతలై ఒకే మొనలో కలుస్తాయి, భూతద్దం పెట్టి చూసినా ఎక్కడా జిగురు కనబడలేదు. నాలుగు పాయింట్లూ ఒకే ఎత్తులో ఆగాయి. గాడి కాస్త లోతైనా, చెక్క కాస్త పక్కకి తిరిగినా ఒక పాయింట్ పొడుగైపోతుంది కాబట్టి, ఎవరి క్యూ చేతికి వచ్చినా నేను ముందు చూసేది ఆ ఎత్తులే.

నచ్చనిది బట్ కింద ఇన్లేలు. డైమండ్ ఆకారాల మూలలు కాస్త గుండ్రంగా ఉన్నాయి. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే యంత్రం) కట్టర్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి మూల పదునుగా రాదు, తర్వాత చేత్తో కత్తిపెట్టి సరిచేయాలి, ఆ పని నా మేకర్ చేయలేదు. ఈ ధరకి చేయాల్సింది. చెప్పిన గడువు కంటే బాగా ఆలస్యం కూడా అయింది, మెసేజ్ పెడితే జవాబు రావడానికి వారాలు పట్టింది.

తెల్లటి రింగులు ఏనుగు దంతం కాదు, సింథటిక్. ఒకప్పుడు చాలా ఖరీదైన క్యూల్లో దంతం వాడేవారు. 2016లో అమెరికా దాని వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా ఆపేసింది, మంచిదే. కంటికి నాకైతే తేడా తెలియలేదు.

ఆట సంగతి: దెబ్బ గట్టిగా, శుభ్రంగా తగులుతుంది, బరువు కొంచెం ముందుకి ఉంది. అలాగని పాయింట్ల వల్ల ఆట మెరుగవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆట కోసమే అయితే అందులో నాలుగో వంతు ధరకి మంచి ఫ్యాక్టరీ క్యూ దొరుకుతుంది, అది తీసుకోండి. కానీ పాయింట్లు స్టిక్కర్ వేసి పైన వార్నిష్ కొట్టినవి మాత్రం వద్దు. గుర్తుపట్టడం తేలికే, వెలుతురులో తిప్పి చూస్తే పాయింట్‌లో చెక్క నార కనబడదు, ప్రింట్ చుక్కలు కనబడతాయి. కస్టమ్ చేయించుకునేవాళ్లు మాత్రం, ర్యాప్ చుట్టకముందే నాలుగు పాయింట్ల ఫొటోలు నాలుగు వైపుల నుంచీ పంపమని అడగండి, మంచి మేకర్ ఎవరూ కాదనరు.