ఫ్రేములు అలాగే ఉంచి నెట్ మాత్రమే మార్చిన షాపు: మా ఇంటి దోమల మెష్ రిపేరు

కిందటి నెల మా ఇంట్లో దోమల మెష్‌లన్నీ బాగుచేయించాం. చేసింది విశాఖలో మా ఎంవీపీ కాలనీ దగ్గరే ఉన్న ఒక చిన్న అల్యూమినియం పనుల షాపు. ఓనరు, ఇద్దరు కుర్రాళ్లు, అంతే. పని నాకు చాలా నచ్చింది. మెష్ చిరిగిందంటే మొత్తం కొత్తది పెట్టించాల్సిందే అనుకునేవాళ్లు ఇది చదవాలని వివరంగా రాస్తున్నాను.

మా కిటికీలు హుద్‌హుద్ తుపాను తర్వాతివి. 2014 అక్టోబర్ 12న ఆ గాలికి పాత చెక్క కిటికీల రెక్కలు ఊడి, అద్దాలన్నీ హాల్లో పడ్డాయి. మరుసటి ఏడాది మామయ్యగారు అన్నిటికీ అల్యూమినియం స్లైడింగ్ పెట్టించారు. మూడు ట్రాకులు: రెండింట్లో అద్దాలు, మూడోదాంట్లో మెష్. ఫ్రేములు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. నెట్ మాత్రం ఎండకు పెళుసైపోయి, వేలితో నొక్కితే చిట్లిపోయేది. బాల్కనీ తలుపు కింది భాగాన్ని పక్కింటి పిల్లి గోళ్లతో చీల్చేసింది. అత్తయ్య సూదీ దారంతో కుట్టారు. నేను టేపు అంటించాను. రెండూ ఒక్క వానకే పోయాయి.

ఇంకా వాయిదా వేయకపోవడానికి కారణం మా పాప. రెండేళ్ల కిందట దానికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆ నాలుగు రోజుల టెన్షన్ నేను మర్చిపోలేను. సాయంత్రం ఆరు కాగానే తలుపులు, కిటికీలు మూసేయడం మా ఇంట్లో మొదటినుంచీ అలవాటు. కానీ డెంగీ దోమ పగలు కుడుతుందని, ఉదయం పూట, మళ్లీ పొద్దుగూకే ముందు ఎక్కువని అప్పుడు డాక్టరుగారు చెప్పారు. అంటే మేం కిటికీలు బార్లా తీసి గాలి పీల్చుకునే సమయంలోనే అన్నమాట. వైజాగ్ ఉక్కపోతలో పగలంతా కిటికీలు మూసుకుని ఉండలేం. మెష్ ఒక్కటే దారి.

ముందు ఒకచోటి నుంచి వెల్‌క్రో టేపుతో అంటించే నెట్ వేయించాం. ఏప్రిల్‌లో అంటించారు, జూన్‌కల్లా పడమటి గోడ వైపు టేపు జిగురు కరిగి నెట్ వేలాడింది. ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అన్నారు, రాలేదు. తర్వాత ఇద్దరిని పిలిపిస్తే ఇద్దరూ ఒకే మాట: పాతది పీకేసి మడతల మెష్ పెట్టించుకోండి, చదరపు అడుగు 220 రూపాయలు. మాకు మొత్తం 53 చదరపు అడుగులు, లెక్కేస్తే 11,660. చూడ్డానికి ఆ మెష్ అందంగానే ఉంటుంది. కానీ మా చెల్లెలింట్లో దాని దారాలు తెగి, మడతలు సర్దుకోక పడుతున్న అవస్థ నేను చూశాను.

ఈ షాపాయన వచ్చి మొదట చేసిన పని, మెష్ రెక్కను ట్రాకులోంచి పైకెత్తి బయటికి తీసి, నేల మీద పెట్టి మూలలు చూడటం. "ఫ్రేము బంగారంలా ఉందమ్మా. నెట్టూ, బీడింగూ మార్చేత్తే చాలు. కొత్తది ఎందుకు, డబ్బులు దండగ" అన్నాడు. అమ్ముకోగలిగిన సరుకును వద్దని చెప్పినవాడి మీద నాకు అక్కడే గురి కుదిరింది.

పని చేస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని చూశాను. ఫ్రేము చుట్టూ సన్నని గాడి ఉంటుంది. నెట్‌ను ఆ గాడిలోకి నెట్టి, దానిమీద నల్లటి రబ్బరు బీడింగ్ బిగిస్తారు. నెట్‌ను పట్టి ఉంచేదల్లా ఆ బీడింగే. పాత బీడింగ్ లాగితే గట్టిపడిన సేమియాలా ముక్కలుముక్కలుగా విరిగింది. గాడిలో పదేళ్ల దుమ్ము. పాత టూత్‌బ్రష్‌తో అదంతా దులిపి, ఫ్రేముకంటే నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండేలా కొత్త ఫైబర్‌గ్లాస్ నెట్ పరిచాడు. చేతిలో చిన్న రోలర్. దాని రెండు చివర్లా చిన్న చక్రాలు: ఒకదాని అంచు ఉబ్బుగా ఉంటుంది, దాంతో నెట్‌ను గాడిలోకి దించాలి. రెండోదాని అంచుకు గాడి ఉంటుంది, అది బీడింగ్ మీద కూర్చుని నొక్కుతుంది. మూల నుంచి మొదలుపెట్టి పొడవు వైపు దింపుకుంటూ వెళ్లాడు.

కొత్త కుర్రాడు ఒకచోట స్క్రూడ్రైవర్‌తో పొడవబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు, నెట్ చిరుగుతుందని. ఇంకొకటి, కుర్రాడు రెండో వైపు నెట్‌ను బలంగా లాగుతుంటే, "అంత లాగకురా, నడుం వంగిపోద్ది" అన్నాడు. ఆ నడుం ఫ్రేముదట. నెట్‌ను మరీ బిగిస్తే పొడవాటి అల్యూమినియం కడ్డీలు మధ్యలో లోపలికి వంగి, రెక్కకూ ట్రాకుకూ మధ్య సందు పడుతుంది. ముడత లేకుండా పరిస్తే చాలు, మిగిలిన బిగువు బీడింగే ఇస్తుంది. చివర్లో మిగిలిన అంచును కొత్త బ్లేడుతో, బీడింగ్‌కు బయటి వైపుగా కోశాడు.

పిల్లి పాడుచేసిన బాల్కనీ తలుపు కింది భాగానికి మాత్రం స్టీలు మెష్ వేయమన్నాం, స్టెయిన్‌లెస్ స్టీలులో 304 అనే రకం. సముద్రం ఇంత దగ్గర కదా, తుప్పు పట్టదా అని అడిగితే దాచకుండా చెప్పాడు. ఉప్పుగాలికి దీనిమీదా గోధుమరంగు చుక్కలు రావచ్చట, నెలకోసారి మంచినీళ్లతో కడగాలట. 316 రకం ఇంకా మేలు, కానీ ధర ఎక్కువ, మూడడుగుల ముక్కకు అంత అవసరం లేదన్నాడు.

అన్నిటికంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది వెళ్లేముందు చూపించిన రెండు సంగతులు. ఇన్నేళ్లూ మేం అద్దాన్ని సగం తీసి, మెష్‌ను అడ్డం పెట్టుకునేవాళ్లం. అలా సగంలో ఆపితే అద్దం రెక్కకూ మెష్ రెక్కకూ మధ్య నిలువునా వేలు దూరేంత సందు ఉంటుంది. మెష్ ఎంత కొత్తదైనా దోమ అక్కడినుంచి వచ్చేస్తుంది. అద్దాన్ని పూర్తిగా చివరిదాకా జరిపితేనే రెండు రెక్కల అంచులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ సందు మూసుకుంటుంది. రెక్కల అంచులకు సందు మూసేందుకు ఉండే నూగులాంటి బ్రష్ పట్టీ అరిగిపోతే అదీ మార్చాలి. మావి రెండు కిటికీలకు మార్చాడు. రెండోది, కింది ట్రాకులో వాన నీళ్లు బయటికి పోవడానికి ఉండే కన్నాలు. దోమలు అందులోంచీ వస్తాయి. వాటిని సీలెంట్‌తో మూసేస్తే నీళ్లు గదిలోకి వస్తాయి, అందుకని చిన్న నెట్ ముక్కలు అడ్డంగా అంటించాడు. ఇంతకుముందు వచ్చినవాళ్లెవరూ ఆ కన్నాల వైపే చూడలేదు.

ఖర్చు: నాలుగు కిటికీల నెట్ 32 చదరపు అడుగులు, బాల్కనీ తలుపు పై భాగం 12. ఈ 44కి కూలీ, బీడింగ్ కలిపి అడుగు 40 చొప్పున 1,760. కింది స్టీలు భాగం 9 అడుగులు, 110 చొప్పున 990. బ్రష్‌కి 250. మొత్తం సరిగ్గా 3,000 రూపాయలు. సగం రోజు పని.

నచ్చనివీ చెప్పాలి. శనివారం వస్తామని సోమవారం వచ్చారు, ముందుగా ఫోన్ చేయలేదు. నేను సెలవు పెట్టుకున్న రోజు వృథా అయింది. ఒక ఫ్రేము మీద బ్లేడు గీత పడింది. కోసిన నెట్ తుంపులు బాల్కనీలో అలాగే వదిలి వెళ్లారు. అవి చేతికి గుచ్చుకుని దురద పెడతాయి, చిన్నపిల్లలున్న ఇంట్లో ముందే ఊడ్పించుకోండి. బిల్లు అడిగితే చిన్న కాగితం మీద రాసిచ్చారు. వారంటీ లాంటిదేమీ లేదు.

ఇప్పుడు నెలకోసారి నేనే మెష్ రెక్కల్ని ఎత్తి తీసి, బాత్‌రూమ్‌లో వాలుగా ఆనించి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి కడుగుతున్నాను. నెట్ మధ్యలో గట్టిగా నొక్కను, ఫినాయిల్, యాసిడ్ దగ్గరికే రానివ్వను. మిగిలిన రెండు మీటర్ల బీడింగ్, ఒక నెట్ ముక్క అడిగి తీసుకున్నాను, వంటింటి సొరుగులో ఉన్నాయి. పాప పుస్తకాలు మళ్లీ కిటికీ పక్క బల్లమీదికి చేరాయి, పగలే కిటికీ తీసుకుని చదువుకుంటోంది. బాత్‌రూమ్ వెంటిలేటర్లు రెండు మిగిలాయి, వచ్చే నెల వాటికీ ఈయన్నే పిలుస్తున్నాను.