యాంకీ యాప్: బీఎస్సీ చదివేవాళ్లు వాడొచ్చా?

ముందే చెప్పేస్తాను. బీఎస్సీలో కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ లాంటివి చదివేవాళ్లు ఫోన్‌లో ఒక్కటంటే ఒక్క చదువు యాప్ ఉంచుకోవాలంటే అది యాంకీయే కావాలని నా అభిప్రాయం. ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్లకు కొంతవరకే ఉపయోగం. అర్థంకాని సబ్జెక్టును ఇది అర్థం చేయిస్తుందని ఆశపడి దింపుకుంటే మాత్రం ఎవరికీ పనికిరాదు. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, ఎమ్మెస్సీ రోజుల నుంచి దీన్ని వాడుతున్నాను, నా క్లాసు పిల్లలు చాలామందితో వాడించాను కూడా, అందుకే ఇది ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ చెయ్యదో వివరంగా రాస్తున్నాను.

యాంకీ అంటే కార్డుల యాప్. ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. ప్రశ్న చూసి జవాబు మనసులో చెప్పుకుని, తర్వాత నొక్కి చూసుకుంటారు. కింద నాలుగు బటన్లు ఉంటాయి: ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ. మీరు నొక్కినదాన్ని బట్టి ఆ కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో యాప్ లెక్కేస్తుంది. కొత్త కార్డు అదే రోజు ఒకటి రెండుసార్లు కనిపిస్తుంది, మర్నాడు వస్తుంది, అక్కడ్నుంచి ఎడం పెరుగుతూ పోతుంది. బాగా వచ్చినది నెలల తరబడి కనిపించదు, రానిది మాత్రం మీ వెంటపడుతుంది. డామియన్ ఎల్మ్స్ అనే ప్రోగ్రామర్ దీన్ని 2006లో విడుదల చేశారు. మొదట్లో ఇది పోలండ్‌కు చెందిన పియోటర్ వోజ్నియాక్ 1987లో తయారుచేసిన ఎస్ఎం-2 అనే లెక్క మీద నడిచేది, 2023లో వచ్చిన 23.10 వెర్షన్ నుంచి ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త పద్ధతి కూడా లోపలే ఉంది. డెక్ (అంటే కార్డుల కట్ట) ఆప్షన్స్‌లో దాన్ని ఆన్ చేసుకుంటే చాలు, రోజుకు ఎన్ని కొత్త కార్డులన్నది తప్ప మిగతా అంకెలను కదపాల్సిన అవసరం లేదు.

ఇదంతా దేనికి, పుస్తకం నాలుగుసార్లు తిరగేస్తే సరిపోదా అని పిల్లలు అడుగుతారు. సరిపోదు. 2006లోనే అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపు పాఠాన్ని నాలుగుసార్లు చదివింది, ఇంకో గుంపు ఒక్కసారి చదివి మిగతా మూడుసార్లూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే చదివినవాళ్లకు గుర్తున్నది సుమారు 40 శాతం, రాసుకున్నవాళ్లకు 61 శాతం. ఇంకా గమనించాల్సిన సంగతి, నాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగుసార్లు చదివిన గుంపే. మన దగ్గర పరీక్ష హాల్లోంచి బయటికొచ్చి "అంతా చదివాను సార్, రాసేటప్పుడు గుర్తురాలేదు" అనే పిల్లలు ఈ మొదటి గుంపు వాళ్లే. వాళ్లు నిజంగానే చదివారు. చూడకుండా చెప్పడం మాత్రం ఎప్పుడూ ప్రాక్టీస్ చెయ్యలేదు. యాంకీ రోజూ చేయించేది ఆ ప్రాక్టీసే.

ఇక కార్డులు తయారుచెయ్యడం. ఈ యాప్ మీకు పనికొస్తుందో లేదో ముప్పావు వంతు ఇక్కడే తేలిపోతుంది. పరీక్ష పేపర్లోని ప్రశ్నను యథాతథంగా ఎక్కించేవాళ్లను ఎంతోమందిని చూశాను: ముందువైపు "క్రెబ్స్ వలయాన్ని వివరింపుము", వెనకవైపు గైడులోని పేజీన్నర. అలాంటి కార్డు వచ్చినప్పుడల్లా సగం తెలుస్తుంది, సగం తెలీదు, ఏ బటన్ నొక్కాలో తోచదు, రెండు వారాలకు విసుగొచ్చి యాప్ తీసేస్తారు. దాన్ని ముక్కలు చెయ్యాలి. సక్సినేట్‌ను ఫ్యూమరేట్‌గా మార్చే ఎంజైమ్ ఏది? ఆ మెట్టులో ఏది తయారవుతుంది, ఎన్ఏడీహెచ్చా, ఎఫ్ఏడీహెచ్2నా? మిగతా ఎంజైములన్నీ మైటోకాండ్రియా మాత్రికలో ఉంటే ఈ ఒక్కటీ ఎక్కడ ఉంటుంది? మూడు కార్డులు. ఒక్కోటి ఐదారు సెకన్లలో అయిపోతుంది, వచ్చిందో రాలేదో అనుమానం ఉండదు.

అంతకంటే ముఖ్యం, "ఏమిటి" కార్డులతో పాటు "ఎందుకు" కార్డులు పెట్టుకోవాలి. సాల్ట్ అనాలిసిస్ తీసుకోండి. మూడో గ్రూపు కారకం అమ్మోనియం క్లోరైడ్, అమ్మోనియం హైడ్రాక్సైడ్ అని అందరూ బట్టీ పెడతారు. వైవాలో ఎగ్జామినర్ అడిగేది అది కాదు, అమ్మోనియం క్లోరైడ్ ముందు ఎందుకు వేశావమ్మా అని అడుగుతారు. ఉమ్మడి అయాన్ ప్రభావం వల్ల అమ్మోనియం హైడ్రాక్సైడ్ అయనీకరణం తగ్గుతుంది, హైడ్రాక్సైడ్ అయాన్లు తక్కువ ఉంటాయి కాబట్టి ఇనుము, అల్యూమినియం, క్రోమియం హైడ్రాక్సైడ్లు మాత్రమే అవక్షేపిస్తాయి, తర్వాతి గ్రూపుల అయాన్లు ద్రావణంలోనే ఉండిపోతాయి. ఈ ఒక్క జవాబు ఒక కార్డు మీద ఉంటే దాన్ని ఆసరాగా చేసుకుని రెండో గ్రూపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎందుకో కూడా చెప్పేస్తారు. ఆర్గానిక్‌లోనూ అంతే. "కానిజారో చర్య అంటే ఏమిటి" అనే కార్డు కన్నా "అసిటాల్డిహైడ్ కానిజారో చర్య ఎందుకు ఇవ్వదు" అనే కార్డు ఎన్నో రెట్లు నయం, ఎందుకంటే జవాబు చెప్పాలంటే ఆల్ఫా హైడ్రోజన్ సంగతి గుర్తు చేసుకోవాలి, అది ఉంటే విలీన క్షారంలో ఆల్డాల్ వైపు వెళుతుందనీ గుర్తు చేసుకోవాలి. రెండు చర్యల మధ్య తేడా అక్కడే పట్టుబడుతుంది.

బోటనీ, జువాలజీ పిల్లలకు ఇందులో ఒక గొప్ప సదుపాయం ఉంది. ఇమేజ్ అక్లూజన్ అంటారు. నెఫ్రాన్ బొమ్మో, ద్విదళ బీజ కాండం అడ్డుకోత బొమ్మో ఎక్కించి, పేర్ల మీద చిన్న చిన్న పెట్టెలు గీస్తే ఒక్కో పెట్టె ఒక్కో కార్డు అయిపోతుంది. భాగాలు గుర్తించడం ఇంత త్వరగా నేర్పే పద్ధతి నాకు తెలిసి ఇంకోటి లేదు. ఇదివరకు దీనికి వేరే యాడ్-ఆన్ వేసుకోవాల్సి వచ్చేది, ఆ 23.10 వెర్షన్ నుంచి ఇదీ యాప్‌లోనే వస్తోంది. పుస్తకంలోని బొమ్మ కంటే మీ రికార్డులో మీరు గీసిన బొమ్మను ఫొటో తీసి పెట్టుకోండి, పరీక్షలో గీయాల్సింది దాన్నే కదా.

నెట్‌లో తయారుగా దొరికే డెక్‌ల గురించి చాలామంది అడుగుతారు. మెడిసిన్ వాళ్లకు అవి బాగానే ఉపయోగపడతాయి, చదివేవాళ్ల సంఖ్య ఎక్కువ, సిలబస్ చాలా దేశాల్లో దగ్గరదగ్గరగా ఉంటుంది. మన యూనివర్సిటీల బీఎస్సీ సిలబస్‌కు సరిపడేవి దొరకడం కష్టం. దొరికినా, ఎవరో రాసుకున్న కార్డును మీరు చదివితే అది మీకు కొత్త బట్టీ అవుతుంది, అంతే. పాఠం విన్నరోజు సాయంత్రం నోట్సు ముందేసుకుని, ఇందులో నన్ను నేను ఏం అడుక్కోవాలి అని ఆలోచించి ఓ పది కార్డులు రాయడమే సగం చదువు. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పకండి. క్లాసులో అర్థంకాని టాపిక్ మీద అసలు కార్డు రాయొద్దు, ముందు లెక్చరర్ని అడగండి, తర్వాత రాయండి.

చాలామంది దెబ్బతినేది కార్డుల సంఖ్య దగ్గర. మామూలుగా యాప్‌లో రోజుకు 20 కొత్త కార్డులు, 200 వరకు రివ్యూలు (అంటే తిరిగొచ్చే పాత కార్డులు) అని ఉంటుంది. మొదటి వారం హాయిగా ఉంటుంది, కొత్తవి తప్ప పాతవి పెద్దగా ఉండవు కాబట్టి. నెల తిరిగేసరికి పాతవన్నీ తిరిగొచ్చి రోజూ చాలాసేపు తినేస్తాయి. దాంతో ఒకరోజు మానేస్తారు, మర్నాడు రెట్టింపు కనిపిస్తుంది, టెన్షన్, ఇక వదిలేయడమే. అందుకే మొదటి సెమిస్టర్లో పది కొత్త కార్డులు దాటనివ్వొద్దని మా పిల్లలకు గట్టిగా చెబుతాను. పది తక్కువేమీ కాదు, నాలుగు నెలల సెమిస్టర్లో వెయ్యికి పైనే అవుతాయి. పండక్కి ఊరెళ్లి నాలుగు రోజులు మానేసి వస్తే కొత్త కార్డులను సున్నాకు దించి, పేరుకున్న పాతవి రోజుకు కొన్ని చొప్పున తీర్చుకోండి.

బటన్ల విషయంలో ఒక హెచ్చరిక. జవాబు గుర్తురాకపోయినా, చూడగానే "ఆ, ఇదే కదా" అనిపించి గుడ్ నొక్కేస్తుంటారు. జవాబు చూశాక తెలిసినట్టు అనిపించడం తెలియడం కాదు. గుర్తురాకపోతే ఎగైనే నొక్కాలి, హార్డ్ కాదు. హార్డ్ అంటే కష్టపడ్డాను కానీ చెప్పగలిగాను అని యాప్‌కు అర్థం, అక్కడ తప్పు చెబితే లెక్కంతా పాడవుతుంది. ఒకే కార్డు చాలాసార్లు తప్పిపోతే యాప్ దానికి లీచ్ అని గుర్తు పెడుతుంది, మామూలు సెట్టింగులో ఎనిమిదిసార్లకు. అలా వచ్చినదాన్ని మళ్లీ రుద్దకండి. కార్డు సరిగ్గా రాయలేదనో, ఆ సంగతే అర్థంకాలేదనో దానికి అర్థం. దాన్ని తీసేసి, పాఠం దగ్గరికెళ్లి మళ్లీ రాయండి.

ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్లకు ఎందుకు కొంతవరకే అన్నానంటే, లెక్క చెయ్యడం కార్డు మీద రాదు. రోల్ సిద్ధాంతానికి మూడు షరతులేమిటి, క్లాసియస్-క్లాపిరాన్ సమీకరణంలో ఏ పదం దేన్ని సూచిస్తుంది, ఫలానా సూత్రం ఎప్పుడు వాడకూడదు, ఇలాంటివి కార్డుల్లో పెట్టుకోవచ్చు, సమీకరణాలు అందంగా రాసుకునే ఏర్పాటు కూడా ఉంది. కానీ తెల్లకాగితం తీసుకుని, జవాబు చూడకుండా, మొదటి నుంచి చివరిదాకా లెక్క చేస్తేనే లెక్క వస్తుంది. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్‌కు ప్రిపేరయ్యేవాళ్లయితే పాత ప్రశ్నపత్రాలు చేస్తూ, తప్పుపోయిన చోట ఏ భావన మర్చిపోయారో దాన్ని మాత్రం కార్డు చేసుకోండి. ఇంకో లోటు, మన సెమిస్టర్ పరీక్షల్లో ఎస్సే ప్రశ్నలుంటాయి. ముక్కలు ముక్కలుగా అన్నీ తెలిసినా వరసగా నాలుగు పేజీలు రాయడం వేరే విద్య. వారానికి ఒక ఎస్సే అయినా పుస్తకం మూసి, టైమ్ పెట్టుకుని చేత్తో రాయాల్సిందే. ఈ పని యాంకీ చెయ్యలేదు.

ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చినవాళ్ల గురించి ప్రత్యేకంగా రాయాలనుంది, మా క్లాసుల్లో మొదటి ఏడాది మాటలు తెలియక మౌనంగా కూర్చునేది వాళ్లే. యాప్‌లో తెలుగు అక్షరాలు ఏ ఇబ్బందీ లేకుండా కనిపిస్తాయి. ముందువైపు ఇంగ్లిష్ మాట, వెనకవైపు మీకు తెలిసిన తెలుగులో భావం, పక్కనే ఒక ఉదాహరణ పెట్టుకోండి. విద్యుదృణాత్మకత, సంకరీకరణం, ఉత్ప్రేరకం మీకు ముందే వచ్చు, వాటి ఇంగ్లిష్ పేర్లు మాత్రమే కొత్త. మొదటి రెండు నెలలు ఈ కార్డులే చేసుకున్న పిల్లలు ఆ తర్వాత క్లాసులో ప్రశ్నలడగడం నేను చూశాను. ఈ ఒక్క ఉపయోగం కోసమైనా ఈ యాప్‌ను ప్రతి ఫస్టియర్ క్లాసులో చూపించాలంటాను.

డబ్బుల సంగతి: విండోస్, మ్యాక్, లైనక్స్ కంప్యూటర్లలో ఉచితం. ఆండ్రాయిడ్‌లో యాంకీడ్రాయిడ్ అనే పేరుతో ఉంటుంది, అదీ ఉచితమే, యాడ్లు రావు, వాలంటీర్లు నడుపుతున్నారు. ఐఫోన్‌లో మాత్రం యాంకీమొబైల్ కొనాలి, అమెరికాలో ధర 24.99 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. అంత పెట్టలేనివాళ్లు ఐఫోన్‌లోనే బ్రౌజర్ తెరిచి యాంకీవెబ్ సైట్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. పేరు కాస్త అటూఇటూగా ఉండే వేరే యాప్‌లు కూడా స్టోర్లలో కనిపిస్తాయి, చూసి దింపుకోండి. బ్రౌజర్‌లో చేసేవాళ్లకు తప్ప, కార్డులు ఒకసారి ఫోన్‌లోకి వచ్చాక నెట్ అక్కర్లేదు, బస్సులో ఊరి నుంచి కాలేజీకి వచ్చేవాళ్లకు ఆ ప్రయాణంలోనే రోజు రివ్యూలు అయిపోతాయి. చూడ్డానికి యాప్ చాలా సాదాగా ఉంటుంది, సెట్టింగుల పేజీ తెరిస్తే కొత్తవాళ్లకు భయమేస్తుంది. పైన చెప్పిన రెండు మార్పులు, అంటే ఎఫ్ఎస్ఆర్ఎస్ ఆన్ చెయ్యడం, కొత్త కార్డులను పదికి దించడం, చేసుకున్నాక ఆ పేజీని మొదటి నెల తెరవకండి, ఇంకేదీ అవసరం లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే సెమిస్టర్ మొదటి వారంలోనే. పరీక్షలు పదిరోజుల్లో ఉన్నాయనగా అయితే దీని జోలికి వెళ్లొద్దు, కార్డులు రాసేసరికే ఆ పదిరోజులూ అయిపోతాయి. అప్పుడు తెల్లకాగితాలు తీసుకుని, పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, చూడకుండా రాసి, తర్వాత పుస్తకంతో దిద్దుకోండి. యాంకీని వచ్చే సెమిస్టర్ మొదటి క్లాసు రోజున వేసుకుందురుగాని.