క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ – ఇండియా: అరుదైన పేగు క్యాన్సర్, వెన్నుపాము గాయాల రోగుల కుటుంబాలకు ఇది ఎంతవరకు పనికివస్తుంది?

ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్నవారి ఇంట్లోనైనా, చిన్నపేగులో క్యాన్సర్ ఉందని తేలినవారి ఇంట్లోనైనా ‘ఎక్కడైనా కొత్త వైద్యం వచ్చిందా’ అన్న ప్రశ్న తలెత్తక మానదు. పైసా ఖర్చు లేకుండా, ఎవరి సిఫారసూ లేకుండా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిపే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ – ఇండియా, అంటే సీటీఆర్ఐ, ఉంది. రోగులపై జరిగే వైద్య ప్రయోగాల వివరాలు నమోదయ్యే ఆన్‌లైన్ జాబితా ఇది. 2007 జూలైలో మొదలైన ఈ రిజిస్ట్రీలో, ఔషధ నియంత్రణాధికారి అనుమతితో జరిగే ప్రయోగాల నమోదును 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి చేశారు. 2018 ఏప్రిల్ నుంచి, మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదైన అధ్యయనాలను మాత్రమే స్వీకరిస్తున్నారు. కొత్త వైద్యాన్ని వెతకడానికి ఈ సేవ ఒక మోస్తరుగా ఉపయోగపడుతుందని, ఎవరైనా చెప్పిన మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి మాత్రం దీనికి సాటి లేదని నా అభిప్రాయం.

ప్రతి అధ్యయనానికీ ఒక నమోదు సంఖ్య, ఒక పేజీ ఉంటాయి. ఏ ఆసుపత్రుల్లో జరుగుతోంది, ఎవరిని చేర్చుకుంటారు, ఎవరిని చేర్చుకోరు, రోగుల హక్కులు, భద్రత చూసే నైతిక సంఘం ఆమోదం వచ్చిందా, ఏ ఫలితాన్ని కొలుస్తారు, సామాన్యులు ఎవరిని సంప్రదించాలి అన్న వివరాలన్నీ ఆ పేజీలో దొరుకుతాయి. వీటిలో రోగి కుటుంబం అన్నిటికంటే ముందు చదవవలసింది చేర్చుకునే నిబంధనలు. చాలామంది శీర్షిక చూసి ఆశపడి, ఈ భాగాన్ని చదవకుండానే ఫోన్ చేస్తారు.

పేగు క్యాన్సర్ విషయంలో ఈ రిజిస్ట్రీ ఒక్కటే చూసి ఊరుకుంటే చాలదు. జీర్ణ మార్గం పొడవులో అధిక భాగం చిన్నపేగుదే అయినా, ఆ మార్గంలో వచ్చే క్యాన్సర్లలో దాని వాటా 5 శాతం కన్నా తక్కువ. రోగులు అంత తక్కువగా ఉన్నప్పుడు ఏ ఒక్క ఆసుపత్రీ తానొక్కటే నమ్మదగిన ప్రయోగం చేయజాలదు. పేగు చివర, మలద్వారంలో వచ్చే క్యాన్సర్ బాగా ముదిరినప్పుడు ఏ కీమోథెరపీ మేలో తేల్చిన ఇంటర్‌యాక్ట్ అధ్యయనాన్నే చూడండి. 91 మంది రోగులను కూడగట్టడానికి పలు దేశాల ఆసుపత్రులకు 2013 చివరి నుంచి 2017 చివరి దాకా పట్టింది. కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు కలిపి ఇస్తే, పోల్చి చూసిన మరో మందుల జతకన్నా తీవ్రమైన దుష్ప్రభావాలు తక్కువగా ఉంటాయని తేలింది ఆ కొద్దిమంది సహకారంతోనే. చిన్నపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స తరువాత కీమోథెరపీ అవసరమా అని పరిశీలించే బల్లాడ్ అధ్యయనం కూడా ఇలా దేశాలు చేతులు కలిపి చేపట్టినదే. అందుకే సీటీఆర్ఐతో పాటు అమెరికా ప్రభుత్వ రిజిస్ట్రీ క్లినికల్‌ట్రయల్స్‌.గవ్‌లోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్వేషణ వేదికలోనూ వెతకడం మంచిది.

వెన్నుపాము గాయాల విషయంలో చిక్కు వేరు: ఇక్కడ కొరత రోగులది కాదు, సమయానిది. వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు మిథైల్‌ప్రెడ్నిసొలోన్‌పై 1990లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో, గాయమైన 8 గంటల్లోగా మందు అందినవారికే మేలు కనిపించిందని చెప్పారు. ఆ మేలుపై ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాక, 2013లో అమెరికా న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు ఆ మందును వాడవద్దనే సూచించాయి. 2012లో ఫలితాలు వచ్చిన స్టాస్కిస్ అధ్యయనం 313 మంది మెడ గాయాల రోగుల్లో, 24 గంటల్లోపు చేసిన శస్త్రచికిత్సను ఆ తరువాత చేసినదానితో పోల్చింది. ఇటువంటి ప్రయోగాల్లో చేరే అవకాశం అత్యవసర విభాగంలోనే తేలిపోతుంది. ఇంటికి వచ్చాక రిజిస్ట్రీలో వెతికేసరికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. కనుక ఈ కుటుంబాలు ఫిజియోథెరపీ, మూత్రాశయ నియంత్రణ, నరాల నొప్పి, పాత గాయాలపై జరిగే అధ్యయనాల కోసం వెతకడం మేలు. గాయమై ఎంతకాలమైంది, ఏ వెన్నుపూస వద్ద తగిలింది, స్పర్శ, కదలిక ఎంత మిగిలాయి అన్న మూడింటినీ డాక్టరును అడిగి ముందే రాసిపెట్టుకుంటే నిబంధనలతో పోల్చుకోవడం తేలికవుతుంది.

ఈ సేవ విలువ నాకు పూర్తిగా తెలిసివచ్చింది స్టెమ్ సెల్ (మూలకణాల) వైద్యం విషయంలోనే. మా బంధువుల కుటుంబానికి ఒక ప్రైవేటు క్లినిక్ వారు ‘పరిశోధనలో భాగం’ అంటూ వెన్నుపాములోకి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామని, అందుకు లక్షల్లో ఖర్చవుతుందని చెప్పారు. నమోదు సంఖ్య అడిగితే ఇవ్వలేదు. రిజిస్ట్రీలో ఆ క్లినిక్ పేరుతో అటువంటి అధ్యయనమేదీ కనిపించలేదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధిత వ్యాధుల వంటి ఆమోదిత సందర్భాలు మినహా, రోగులకు స్టెమ్ సెల్స్ వాడకం క్లినికల్ ట్రయల్‌గా మాత్రమే జరగాలి. పరిశోధన ఖర్చును రోగి నెత్తిన వేయకూడదని అదే సంస్థ నైతిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. పొలం అమ్మి డబ్బు కట్టడానికి సిద్ధపడే కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి కనుక ఈ విషయాన్ని నొక్కి చెబుతున్నాను. అయితే, సంఖ్య ఉన్నంత మాత్రాన ఆ చికిత్స మంచిదని ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదు. నైతిక సంఘం ఆమోదం, ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఉన్న గడులను కూడా చూడాలి.

లోపాలూ ఉన్నాయి. నమోదులన్నీ ఆంగ్లంలో, అదీ వైద్య పరిభాషలో ఉండటం వల్ల తెలుగు మాత్రమే చదవగలిగినవారికి మరొకరి సాయం తప్పదు. కనీసం శీర్షికను, చేర్చుకునే నిబంధనలను భారతీయ భాషల్లో ఇవ్వడం ఐసీఎంఆర్‌కు అసాధ్యమేమీ కాదు. వివరాలు రాసేది పరిశోధకులే కాబట్టి, రోగులను ఇంకా చేర్చుకుంటున్నారో లేదో పేజీలో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. ప్రయాణానికి టికెట్లు కొనే ముందే ఈ పని చేయండి. ఆ పేజీని ముద్రించి, ఇప్పటికే వైద్యం చేస్తున్న డాక్టరుకు చూపించండి.